ఇరవై నిమిషాలు, తొమ్మిది నెలలు

(ఆటల్లో మోకాలికి తగిలే దెబ్బల గురించి రోగుల కుటుంబ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మోకాలి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మోకాలు అనగానే మనకు పెద్దవాళ్ళు గుర్తుకొస్తారు. గుజ్జు అరిగిపోయిందనీ, మెట్లు ఎక్కలేకపోతున్నామనీ వచ్చేవాళ్ళు. నేను మాట్లాడబోయేది వాళ్ళ గురించి కాదు. పదిహేను, పదహారు, పద్దెనిమిదేళ్ళ పిల్లల మోకాళ్ళ గురించి. కబడ్డీ ఆడుతూనో, వాలీబాల్‌లో ఎగిరి దిగుతూనో దెబ్బ తగిలించుకుని, నాలుగు నెలలకో ఆరు నెలలకో మన వార్డుకు వస్తున్న పిల్లలు. దెబ్బ తగిలిన రోజు వచ్చేవాళ్ళు తక్కువ. అదే నాకు బాధ కలిగించే విషయం.

ఒక పాప సంగతి చెబుతాను. పేరూ ఊరూ అక్కర్లేదు. హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతోంది. కబడ్డీలో మంచి ఆటగత్తె. ఒక సాయంత్రం కూతకు వెళ్ళి, పట్టుకోబోయిన పిల్లని తప్పించుకోవడానికి గిరుక్కున పక్కకు తిరిగింది. మోకాల్లో 'టప్' మని చప్పుడైంది. ఎవరూ తోయలేదు, ఎవరూ తన్నలేదు. కూలబడిపోయింది. రాత్రి భోజనాల వేళకు మోకాలు బూరెలా వాచిపోయింది. అందరూ బెణికిందన్నారు. నాన్న వచ్చి ఇంటికి తీసుకెళ్ళాడు. తైలం పెట్టి తోమేవారి దగ్గర మూడు మంగళవారాలు తోమించారు. పసరు కట్టు కట్టించారు. టౌన్లో ఎక్స్‌రే తీయిస్తే ఎముక బాగానే ఉందన్నారు. నెల తిరిగేసరికి వాపు తగ్గింది, పాప నడిచింది. జోన్ సెలెక్షన్లు దగ్గర పడ్డాయని మళ్ళీ గ్రౌండుకు పంపారు. కాలు రెండుసార్లు మడతపడి కింద పడింది. మూడోసారి పడ్డప్పుడు మోకాలు చాపలేక, మడవలేక బిగుసుకుపోయింది. అప్పుడు మన దగ్గరికి తెచ్చారు.

"ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు కదా సిస్టరమ్మా" అని వాళ్ళమ్మ నన్ను అడిగింది. ఆ తల్లి తప్పేమీ లేదు. ఆ మాట వింటే ఎవరైనా ధైర్యపడతారు. కానీ ఎక్స్‌రేలో కనిపించేది ఎముక. ఆ పాపకు తెగింది ఎముక కాదు.

తొడ ఎముక, కింది కాలి ఎముక కలిసే చోటు మోకాలు. ఆ రెంటినీ విడిపోకుండా పట్టి ఉంచే తాళ్ళలాంటివి ఉంటాయి, వాటిని లిగమెంట్లు అంటారు. మోకాలి మధ్యలో రెండు లిగమెంట్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా, ఇంటూ గుర్తులా ఉంటాయి. వాటిలో ముందున్నదాన్ని డాక్టర్లు ఏసీఎల్ అంటారు. పొడవు మూడు సెంటీమీటర్లు, అంతే. మన చిటికెన వేలంత కూడా ఉండదు. కింది ఎముక ముందుకు జారిపోకుండా, మోకాలు అతిగా మెలి తిరగకుండా కాపాడేది అదే. ఇది తెగితే చాలామందిలో తనంతట తాను సరిగా అతుక్కోదు. వాపు తగ్గాక తిన్నగా నడవడానికి ఇబ్బంది ఉండదు కాబట్టి నయమైపోయిందనుకుంటాం. పక్కకు తిరిగినప్పుడు, ఎగిరి దిగినప్పుడు మోకాలు జారుతుంది. అలా జారిన ప్రతిసారీ రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ నలుగుతుంది. ఆ పాపకు మొదటి రోజున తెగింది లిగమెంటు ఒక్కటే. మెనిస్కస్ ఆ తర్వాత చిరిగిందని డాక్టరు గారు చెప్పారు. మెత్త పోయిన మోకాలు ముప్పై, నలభై ఏళ్ళకే అరుగుతుంది. ఇందాక చెప్పిన పెద్దవాళ్ళ నొప్పులు వయసులోనే వస్తాయన్నమాట.

కాబట్టి ఈ గుర్తులు జ్ఞాపకం పెట్టుకోండి. ఆటలో ఒక్కసారిగా తిరిగినప్పుడో, దిగినప్పుడో మోకాల్లో చప్పుడైందని పిల్లలు చెప్పారు. లేచి ఆట కొనసాగించలేకపోయారు. కొద్ది గంటల్లోనే మోకాలంతా వాచింది. ఈ మూడూ ఉంటే అది బెణుకని మనంతట మనం తీర్మానించుకోకూడదు. అంత త్వరగా వాచిందంటే చాలాసార్లు మోకాలి లోపల రక్తం చేరిందని అర్థం. ఎముకల డాక్టరు చేత్తో పట్టి చూసి పరీక్ష చేస్తారు, అవసరమైతే ఎమ్మారై తీయిస్తారు. ఇక పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా, కాలు వంకర తిరిగి కనిపించినా తెల్లారేదాకా ఆగవద్దు. రక్తనాళం దెబ్బతిన్న మోకాలికి గంటలే లెక్క.

డాక్టరును కలిసే లోపల ఏం చేయాలి? కాలు దిండు మీద ఎత్తి పెట్టండి. క్రేప్ బ్యాండేజీ ఉంటే మరీ బిగించకుండా చుట్టండి. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పది, పదిహేను నిమిషాలు పెడితే నొప్పి తగ్గుతుంది. ఐసు గురించి ఒక మాట. దెబ్బ తగిలితే విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అనే నాలుగు సూత్రాలను 1978లో తన పుస్తకంలో రాసినవారు గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టరు. దేశదేశాల్లో కోచ్‌లు అదే పాటించారు. 2014లో ఆయనే, ఐసూ పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని రాశారు. అందుచేత ఐసు నొప్పి కోసం కాసేపు పెట్టేదే గాని, రోజంతా పెట్టి ఉంచేది కాదు. అలాగే డాక్టరు కదపమన్నాక కూడా కాలు కదపకుండా నెలల తరబడి పడుకోబెట్టడం మంచిది కాదు. తొడ కండ కరిగిపోతుంది. మొదటి రోజుల్లో వేడి కాపడం, తోమడం, లాగడం మాత్రం అసలు వద్దు. మన ఊళ్ళలో తోమేవారు మంచి మనసుతోనే చేస్తారు, కాదనను. కానీ తెగిన లిగమెంటును చేత్తో తోమి అతికించడం ఎవరివల్లా కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆటల వైద్యుడంటే ఆపరేషన్ చేసే పెద్ద సర్జన్ అనే మనం అనుకుంటాం. పేపర్లో వచ్చేది వాళ్ళ ఫోటోలే. వాళ్ళు గొప్పవాళ్ళే. కానీ నర్సుగా నాకు ఎక్కువ గౌరవం కలిగేది ఇంకో రకం నిపుణుల మీద. దెబ్బ తగలకముందే దాన్ని ఆపాలని లెక్కలు రాసుకుంటూ కూర్చున్నవాళ్ళ మీద.

ఊళ్ళో విరేచనాలు మొదలైతే ఏం చేస్తాం? సెలైన్లు పెడతాం, నిజమే. దానితోపాటు ఏ వీధిలో ఎంతమందికి వచ్చిందో లెక్క తీస్తాం. ఏ ట్యాంకు నీళ్ళు తాగారో చూస్తాం. ట్యాంకు కడిగిస్తాం. మళ్ళీ లెక్క చూస్తాం. ఆటల దెబ్బలకూ ఇదే పద్ధతి వాడాలని 1992లో నెదర్లాండ్స్‌కు చెందిన విల్లెమ్ వాన్ మెచెలెన్, ఆయనతోటివారు రాశారు. దెబ్బలు లెక్కపెట్టు, కారణం వెతుకు, ఉపాయం చెయ్యి, తగ్గాయో లేదో మళ్ళీ లెక్కపెట్టు. ఇంత మామూలు మాట చెప్పడానికి అంత చదువు కావాలా అనిపిస్తుంది. అప్పటిదాకా ఆటల్లో దెబ్బ అంటే దురదృష్టమనే అందరూ సరిపెట్టుకునేవారు మరి.

నార్వే దేశంలో రోల్డ్ బార్ అనే డాక్టరు, ఆయన సహచరులు వాలీబాల్ ఆటగాళ్ళ చీలమండలు ఎందుకు బెణుకుతున్నాయో చూశారు. ఎక్కువగా నెట్ దగ్గరే జరుగుతోంది. స్మాష్ కొట్టో, బ్లాక్ చేసో దిగేటప్పుడు పక్కవాడి పాదం మీదో, ఎదుటివాడి పాదం మీదో దిగుతున్నారు. ఎలా ఎగరాలో, ఎక్కడ దిగాలో నేర్పారు. బ్యాలెన్స్ పలక మీద నిలబెట్టి అభ్యాసం చేయించారు. బెణుకులు సగానికి తగ్గాయని 1997లో ప్రచురించారు. మన ఊళ్ళలో సాయంత్రమైతే వాలీబాల్ ఆడని పల్లె ఎక్కడుంది? ఆ ఉపాయానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

2000లో ఓస్లో నగరంలో ఆ బార్ గారు, లార్స్ ఎంగెబ్రెట్‌సెన్ గారు కలిసి ఆటల గాయాల పరిశోధన కేంద్రం పెట్టారు. హ్యాండ్‌బాల్ ఆడే ఆడపిల్లలకు ఏసీఎల్ తెగడం అక్కడ పెద్ద సమస్యగా ఉండేది. తిరిగే ఆటల్లో, ఎగిరే ఆటల్లో అబ్బాయిలకన్నా అమ్మాయిలకు ఇది రెండు మూడు రెట్లు ఎక్కువగా తెగుతుందని చాలా దేశాల లెక్కలు చెబుతున్నాయి. ఎలా తెగుతోందో వీడియోలు పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చూశారు. చాలాసార్లు ఎవరూ గుద్దకుండానే, మన పాపకు జరిగినట్టే జరుగుతోంది. పాదం నేల మీద గట్టిగా ఆనుతుంది, మోకాలు దాదాపు తిన్నగా ఉంటుంది, ఆ మోకాలు లోపలివైపుకి, రెండో మోకాలి వైపుకి వాలుతుంది. కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది. అందుకని మోకాలు పాదం వేళ్ళకు తిన్నగా ఉండేటట్టు దిగడం, మోకాళ్ళు మడిచి మెత్తగా దిగడం, ఒంటికాలి మీద నిలదొక్కుకోవడం, తొడ వెనక కండకూ పిరుదుకూ నడుముకూ బలం పెంచడం, వీటన్నిటినీ ఆటకు ముందు పదిహేను, ఇరవై నిమిషాల కసరత్తుగా చేర్చారు. 15 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 1,837 మంది మీద, 120 క్లబ్బుల్లో పరీక్షించారు. మోకాలి, చీలమండ దెబ్బలు దాదాపు సగానికి పడిపోయాయి. 2005లో ఆ ఫలితం వచ్చింది. అదే సంవత్సరం అమెరికాలో బెర్ట్ మాండెల్‌బామ్ గారి బృందం కాలిఫోర్నియాలో ఫుట్‌బాల్ ఆడే బాలికల మీద ఇటువంటి కసరత్తు ఫలితమే ప్రచురించింది. మొదటి ఏడాది ఏసీఎల్ తెగడం 88 శాతం, రెండో ఏడాది 74 శాతం తక్కువగా ఉంది.

ఈ రెండు చోట్ల నిపుణులూ, ఫుట్‌బాల్ ప్రపంచ సంస్థ ఫిఫా వైద్యులూ కలిసి తయారు చేసిందే 'ఎలెవన్ ప్లస్' అనే కసరత్తు. మూడు భాగాలు, పదిహేను కసరత్తులు, మొత్తం ఇరవై నిమిషాలు. ముందు ఎనిమిది నిమిషాలు నెమ్మదిగా పరుగు, కాళ్ళు తిప్పడం. తర్వాత పది నిమిషాలు బలానికి, నిలకడకు: మోచేతుల మీద ఒళ్ళు తిన్నగా నిలపడం, ఒంటికాలి మీద నిలబడడం, గుంజీల్లాగా కూర్చుని లేవడం, ఎగిరి దిగడం, మోకాళ్ళ మీద నిలబడి స్నేహితుడు మడమలు పట్టుకుంటే మెల్లగా ముందుకు వాలడం. చివర రెండు నిమిషాలు వేగంగా పరుగు, మలుపులు. 2008లో నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ బాలికలు 1,892 మందితో చేసిన పరిశీలనలో దెబ్బలు మొత్తం మీద మూడోవంతు, తీవ్రమైనవి సగం వరకు తగ్గాయి. క్రమం తప్పకుండా చేసినవారికే ఎక్కువ మేలు జరిగింది. వారానికి కనీసం రెండుసార్లు చేయాలి. పోటీల ముందు రెండు రోజులు చేసి వదిలేస్తే లాభం లేదు.

ఇది హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ కోసం చేసినది కదా, మన కబడ్డీకి, ఖోఖోకి పనికొస్తుందా అని మొన్న ఒక డ్రిల్లు మాస్టారు నన్ను అడిగారు. మంచి ప్రశ్న. ఖోఖోలో మలుపు, కబడ్డీలో పక్కకు తిరగడం, వాలీబాల్‌లో దిగడం, ఇవన్నీ మోకాలికి ఒకేలాంటి పరీక్షలే. అయితే కబడ్డీలో నలుగురు మీద పడి కాలు పట్టి తిప్పితే తెగే లిగమెంటును ఏ కసరత్తూ పూర్తిగా ఆపలేదు. ఆ చెడ్డ పట్లు పట్టనివ్వకుండా చూడాల్సింది కోచ్, రిఫరీ. గట్టి నేల మీద నాలుగు పరుగులు తీయించి నేరుగా ఆటలోకి దింపడం మాత్రం మాస్టార్లు మానుకోవాలి. పిల్లల తల్లిదండ్రులుగా మీరు అడిగితేనే అది మారుతుంది. ఫీజు గురించి, మార్కుల గురించి అడుగుతాం కదా, ఇదీ అడగండి.

సరే, దెబ్బ తగిలిపోయింది, ఏసీఎల్ తెగిందన్నారు. ఆపరేషన్ తప్పదా? ఈ ప్రశ్న మీలో చాలామంది మనసులో ఉందని తెలుసు, డబ్బు సంగతి కూడా ఉంది. అందరికీ వెంటనే అక్కర్లేదు. స్వీడన్‌లో 121 మంది యువతీయువకుల మీద చేసిన పరిశీలన 2010లో వచ్చింది. సగం మందికి త్వరగా ఆపరేషన్ చేశారు. మిగతా 59 మందికి ముందు ఫిజియోథెరపీ చేయించి, అవసరమైతేనే ఆపరేషన్ అన్నారు. రెండేళ్ళలో ఆ 59 మందిలో 23 మందికి ఆపరేషన్ అవసరమైంది. ఐదేళ్ళకు అది దాదాపు సగం మంది అయింది. మిగతా సగం కసరత్తుతోనే బాగున్నారు. అయితే మోకాలు బిగుసుకుపోయినా, మెనిస్కస్ చిరిగినా, మాటిమాటికీ కాలు జారుతున్నా, తిరిగి కబడ్డీలాంటి ఆటే ఆడాలన్నా లెక్క వేరు. ఎదిగే పిల్లలకు ఎముక చివర పెరిగే భాగం దెబ్బతినకుండా చూడాలి కాబట్టి అది ఇంకా వేరు. అది డాక్టరు గారు, మీరు కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. పక్కింటివారికి చేయలేదు కాబట్టి మనకూ వద్దనడం సరికాదు. పక్కింటివారికి చేశారు కాబట్టి మనకూ చేయాలనడమూ అంతే.

ఆపరేషన్‌లో సాధారణంగా పిల్లల ఒంట్లోంచే, తొడ వెనక నుంచో మోకాలి చిప్ప కింద నుంచో కొంత నరంలాంటి పట్టీ తీసి, తెగిన లిగమెంటు చోట అమరుస్తారు. ఇక్కడే మన కుటుంబాలకు అసలు పరీక్ష. మూడో నెలకు వాపు ఉండదు, నొప్పి ఉండదు. పిల్లవాడు పరిగెడతానంటాడు. పోలీసు సెలెక్షన్లు ఉన్నాయని, స్పోర్ట్స్ కోటా సీటు ఉందని నాన్న కూడా మెత్తబడతాడు. లోపల ఉన్న పట్టీ మాత్రం ఇంకా లిగమెంటుగా మారలేదు. నాటిన మొక్క ఆకు వేసింది గాని వేరు పట్టలేదు. ఓస్లో, అమెరికాలోని డెలావేర్ నిపుణులు కలిసి 106 మందిని రెండేళ్ళు గమనించి 2016లో చెప్పినది వినండి. ఆటకు తిరిగి వెళ్ళడం ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ, తొమ్మిది నెలల వరకు, మళ్ళీ మోకాలికి దెబ్బ తగలడం సుమారు సగం చొప్పున తగ్గుతూ వచ్చింది. ఇరవై ఐదేళ్ళలోపు వయసులో తిరిగి ఆటలోకి దిగినవారిలో సుమారు నలుగురిలో ఒకరికి అదే మోకాల్లోనో రెండో మోకాల్లోనో మళ్ళీ తెగుతోందని ఇంకో లెక్క ఉంది. తొమ్మిది నెలలు అయితే చాలు అని కూడా కాదు. ఆపరేషన్ అయిన కాలి తొడ బలం రెండో కాలితో పోలిస్తే నూటికి తొంభై వంతులైనా ఉండాలి. ఒంటికాలితో గెంతి చూపించాలి. క్యాలెండరు, కాలు రెండూ ఒప్పుకోవాలి.

"గోపీచంద్ ఆడలేదా సిస్టర్?" అని ఒక తండ్రి నాతో వాదించారు. ఆడారు. పుల్లెల గోపీచంద్ గారికి 1994లో మోకాలి లిగమెంటు తెగింది, ఆ మోకాలికి ఒకటికి మించి ఆపరేషన్లు జరిగాయి. ఆయన ఆల్ ఇంగ్లండ్ గెలిచింది 2001లో. మధ్యలో ఎన్నేళ్ళున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకోండని ఆ తండ్రికి చెప్పాను. సింధు సంగతీ అంతే. 2022 ఆగస్టులో కామన్వెల్త్ ఆటల్లో బంగారు పతకం గెలిచాక ఎడమ చీలమండ ఎముకకు చీలిక వచ్చిందని తెలిసింది. వెంటనే వచ్చే ప్రపంచ పోటీలను వదులుకుంది. తిరిగి 2023 జనవరిలోనే కోర్టులో దిగింది. చుట్టూ నిపుణులున్న వాళ్ళే ఆగారు. మన పిల్లల చుట్టూ ఉన్న నిపుణులు మనమే.

ఇంటి దగ్గర మీరు చూడాల్సినవి కొన్ని చెబుతాను. ఆపరేషన్ అయినవారికి జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా, పిక్క గట్టిపడి వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే తీసుకురండి. మోకాలు పూర్తిగా తిన్నగా చాపడం మొదటి వారాల్లోనే రావాలి. సుఖంగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టి పడుకోబెట్టవద్దు, వంపు అలాగే నిలిచిపోతుంది. ఎత్తు కావాలంటే మడమ కింద పెట్టండి. నీ క్యాప్ వేసుకుంటే చాలు, కసరత్తు అక్కర్లేదు అనుకునేవాళ్ళున్నారు. నీ క్యాప్ తొడకండ చేసే పని చేయదు. కసరత్తు రోజూ చేస్తున్నారో లేదో మీరే పక్కన కూర్చుని చూడాలి. పిల్లలు చేశానంటారు. తొడ చుట్టూ టేపు పెట్టి నెలకోసారి కొలిస్తే నిజం తెలుస్తుంది.

ఇంకో మాట, ఆడపిల్లల తల్లులతో. దెబ్బ తగిలిందని ఆట మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టడం కన్నా, సరిగా దిగడం నేర్పించి గ్రౌండుకు పంపడం మంచిదని నా అభిప్రాయం. ఇందాక చెప్పిన పాప పోయిన నెల మన ఫిజియోథెరపీ గదిలో ఒంటికాలి మీద గెంతింది. ఇంకా రెండో కాలికి సమానం కాలేదు. ఈ ఏడాది సెలెక్షన్లకు పంపడం లేదని వాళ్ళమ్మే మాస్టారికి చెప్పి వచ్చింది.

మన ఫిజియోథెరపిస్టు గారు ఇప్పుడు మీ ముందు ఎగిరి దిగడం ఎలాగో చేసి చూపిస్తారు. పిల్లలు చెప్పులు విడిచి ముందుకు రండి. పెద్దవాళ్ళు పక్కనే నిలబడి, పిల్లలు దిగినప్పుడు మోకాళ్ళు లోపలికి వాలుతున్నాయేమో చూడండి.